పెట్టడానికి వెళ్లి తింటూ కూర్చున్నాను

ఆఫ్రికాలోని మలావీ నుంచి ఒక సహోదరి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, సంఘం పేరు వేయొద్దన్నారు. వయసు ఇరవై ఆరు. టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆరు నెలల మిషన్ పనికని ఒక చిన్న బృందంతో జనవరిలో వెళ్లారు. జోంబా పట్టణానికి కాస్త దూరంలో ఒక పల్లెలో, అక్కడి పాస్టరుగారి ఇంట్లో ఉంటున్నారు. ఉత్తరం రాసేనాటికి వెళ్లి మూడు వారాలైంది.

మొదటి ఆదివారం ఆరాధన దాదాపు మూడు గంటలు సాగిందట. కానుకల వేళ ఆడవాళ్లు వరసగా నాట్యం చేస్తూ ముందుకొచ్చారు. ఒకావిడ చేతిలో డబ్బు లేక గుమ్మడికాయ తెచ్చి పెట్టింది. "నేను వెక్కి వెక్కి ఏడ్చాను. వీళ్ల భక్తి ముందు నాదెంత? వీళ్లకి నేనేం చెప్పడానికి వచ్చినట్టు?" అని రాశారు.

ఇంట్లో ఇబ్బంది వేరు. భోజనానికి ముందు పాస్టరమ్మగారు జగ్గు, బేసిను పట్టుకొచ్చి, ఈమె ఎదుట మోకాళ్లూని చేతులమీద నీళ్లు పోస్తారు. తల్లి వయసున్న మనిషి. మూడో రోజు ఈమె తట్టుకోలేక జగ్గు ఆవిడ చేతిలోంచి తీసేసుకున్నారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. వెళ్లిన రోజు రాత్రి వీళ్లకోసం కోడిని కోశారు. ముక్కలన్నీ అతిథుల పళ్లేల్లోకి వచ్చాయి, ఆ ఇంటి పిల్లలు పులుసు నంచుకుని తిన్నారు. "పెట్టడానికి వెళ్లిన దాన్ని, తింటూ కూర్చున్నాను."

బయటికి వెళితే పిల్లలు "మ్వెన్యే, మ్వెన్యే" అని వెంటపడతారు. మ్వెన్యే అంటే ఇండియా మనిషి. ఏ షాపు వాళ్లమ్మాయివని ఒకావిడ అడిగింది. ఇండియాలో క్రైస్తవులు కూడా ఉన్నారా అని ఒక సంఘ పెద్ద ఆశ్చర్యపోయాడు. అది మనసుకి గుచ్చుకుంది.

పక్కింటి విధవరాలి ఇంట్లో పొయ్యి వెలగడం లేదని తెలిసి, ఎవరికీ చెప్పకుండా బస్తా మొక్కజొన్నకి సరిపడా డబ్బు ఇచ్చారు. తెల్లారేసరికి వరండాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత పాస్టరుగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఎందుకో ఈమెకి అర్థం కాలేదు.

అన్నిటికంటే బరువైంది శనివారం రిపోర్టు. ఎన్ని మీటింగులు పెట్టారు, ఎంతమంది చేతులెత్తారు, ఫొటోలు ఎన్ని. టీం లీడర్ చెబితే ఈమె రాయాలి. పోయిన వారం నూట నలభై మంది రక్షణ పొందారని రాయించారు. చేతులెత్తిన వాళ్లలో ఆదివారం కాయిర్‌లో పాడిన వాళ్లే సగం మంది ఉన్నారని ఈమెకి తెలుసు.

ఇక రాత్రుళ్లు నిద్ర లేదు. పీడకలలు, కారణం లేని భయం. ప్రార్థనకి కూర్చుంటే మాట రావడం లేదు. ఫోన్లో అమ్మకి మాత్రం అంతా బాగుందని చెబుతున్నారు. అడిగినవి మూడు: దేవుడు నన్ను అసలు పిలవలేదా? తిరిగి వచ్చేయాలా? సంఘానికి నిజం రాయాలా?

సహోదరీ,

మీ పిలుపు సంగతికి వచ్చే ముందు మీ మాత్ర సంగతి అడగాలి. మలేరియా రాకుండా వారానికి ఒకటి, ఆదివారం రాత్రి వేసుకుంటున్నానని ఉత్తరం చివర్లో ఎక్కడో రాశారు. ఆ డబ్బా తీసి పేరు చూడండి. మెఫ్లోక్విన్ అని ఉంటే, మీరు చెప్పిన పీడకలలు, నిద్రలేమి, ఊరికే భయం, దిగులు, ఇవన్నీ ఆ మందు వల్ల కొందరిలో వచ్చేవే. డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే ఇది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. అక్కడ ఇప్పుడు వర్షాకాలం, దోమల కాలం. మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి, లేదా జోంబా సెంట్రల్ హాస్పిటల్లో చూపించుకోండి. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్‌కి మందులు వాడి ఉంటే అదీ చెప్పండి. రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ లాంటివి వేరే ఉన్నాయి, మారుస్తారు. మార్చిన మర్నాడే మనసు తేలికపడదు. ఆ మందు ఒంట్లోంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇదంతా మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రాత్రుల గురించి వినగానే "ఆత్మీయ పోరాటం, మూడు రోజులు ఉపవాసం ఉండు" అనేవాళ్లు మన సంఘాల్లో తక్కువేం కాదు. ఉపవాసం మంచిదే. కానీ మందు చేసే పనికి మీ విశ్వాసాన్ని దోషిగా నిలబెట్టకండి. నిద్ర సరిగ్గా పట్టే వరకు పిలుపు ఉందా లేదా అన్న ప్రశ్నని పక్కన పెట్టండి.

ఇక ఆ గుమ్మడికాయ ముందు మీకు వచ్చిన ప్రశ్న. అది సరైన ప్రశ్న. మిమ్మల్ని పంపినవాళ్లు సువార్త అందని ప్రజల దగ్గరికి వెళుతున్నావని చెప్పి ఉంటే, పొరపాటు చెప్పారు. 2018 జనాభా లెక్కల్లో మలావీలో నూటికి 77 మంది క్రైస్తవులు. మీరున్న జోంబాకి చేరువలోనే, మగొమెరోలో, 1861లో మొదటి మిషనరీలు దిగారు. 1875లో స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లు మలావీ సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్ దగ్గర లివింగ్‌స్టోనియా మిషన్ మొదలుపెట్టారు. వాళ్లలో కొందరు అక్కడే జబ్బుచేసి చనిపోయారు. సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కాబట్టి మీరు కూర్చున్న సంఘం మీ రాకకోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన సంఘం కాదు. వాళ్ల తాతలనాటి సంఘం. మీరు చెప్పకపోతే వాళ్లకి తెలియనిది ఏమీ ఉండకపోవచ్చు. దీనికి సిగ్గుపడనక్కర్లేదు, పెట్టే సర్దుకోనూ అక్కర్లేదు.

లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు డెబ్బైమందిని పంపేటప్పుడు ఏం చెప్పాడో మీకు కంఠతా వచ్చే ఉంటుంది. సంచీ వద్దు. ఒకే ఇంట్లో ఉండండి, ఇల్లిల్లూ మారొద్దు. పెట్టింది తినండి. మనం ప్రసంగాల్లో ఆ తర్వాత వచ్చే పెద్ద పనుల గురించే చెప్పుకుంటాం, ఈ తిండి సంగతి దాటేస్తాం. పంపబడినవాడు మొదట చేయాల్సిన పని ఒకరింట అతిథిగా ఉండటం. మీకు కష్టమైంది అదే. మీరు టీచరు, మీ సంఘంలో పెట్టే చెయ్యే తప్ప చాపిన చెయ్యి కాదు మీది. పుచ్చుకోవడం మీకు అలవాటు లేదు.

ఆ జగ్గు దగ్గర జరిగింది ఇదే. మీరు మర్యాదనుకుని లాక్కున్నారు. ఆవిడకి, తను ఇచ్చిన గౌరవాన్ని మీరు వద్దన్నట్టయింది. యేసు తన పాదాలు కడగబోతే పేతురు కూడా వద్దన్నాడు, అతనిదీ మర్యాదే. అక్కడ ఆడవాళ్లు పెద్దలకి, అతిథులకి మోకాళ్లూని వడ్డించడం, పలకరించడం మామూలు. ఆ పద్ధతి మంచిదా, మారాలా అన్నది అక్కడి ఆడవాళ్లు తేల్చుకునే విషయం. మూడు వారాల అతిథి తీర్పు చెప్పే విషయం కాదు. రేపు ఆవిడ నీళ్లు పోస్తే చేతులు కడుక్కుని, "జికోమో క్వాంబిరి" (చాలా థాంక్స్) అనండి. ఆ తర్వాత ఒకరోజు వంటింట్లోకి వెళ్లి, వేరే అతిథులు వచ్చినప్పుడు నీళ్లు నేను పోస్తాను, ఎలాగో నేర్పండి అని అడగండి. ఆవిడ నవ్వుతారని నా నమ్మకం. జగ్గు మీ చేతికి వచ్చే దారి అదీ, లాక్కోవడం కాదు.

కోడి సంగతి ఇంకొంచెం లోతైంది. మీరు వెళ్లిన కాలం గమనించారా? మలావీ పల్లెల్లో మొక్కజొన్న కోతకి వచ్చేది ఏప్రిల్ ప్రాంతంలో. పాత గింజలు అయిపోయి కొత్తవి రాని డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఆకలి నెలలు. మీరు సరిగ్గా వాటి మధ్యలో దిగారు. ఆ కోడి విలువ మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. అయినా వద్దనకండి. అతిథి తిననంటే ఆ ఇంటికి పరువు తక్కువ. మీరు చేయగలిగింది వేరే ఉంది. మీ బృందం భోజనం ఖర్చు ఇస్తోందా? ఇస్తే ఎవరి చేతికి ఇస్తోంది? చాలాచోట్ల ఆ డబ్బు లీడర్ నుంచి పాస్టరుగారికి, అక్కణ్ణుంచి సంఘ ఖర్చులకి పోతుంది. వంట చేసే ఆవిడ చేతికి అందేది తక్కువ. ఈ ఒక్క విషయం సరిచేస్తే మీ మీటింగులన్నిటికంటే ఆ ఇంటికి ఎక్కువ మేలు. అలాగే, మాకు వేరే వంటలు వద్దు, పిల్లలు తినే న్సీమా (మొక్కజొన్న పిండి ముద్ద), గుమ్మడాకు కూర, ఎండు ఉసిపా చేపలు మాకూ పెట్టండి అని అడగండి. ఒకసారి అడిగితే మొహమాటం అనుకుంటారు. నాలుగోసారికి నమ్ముతారు.

"మ్వెన్యే" అన్న పిలుపుకి నొచ్చుకోకండి. దాని వెనక చరిత్ర ఉంది. ఆ దేశంలో భారతీయులంటే తరతరాలుగా వ్యాపారులు. 1970ల్లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం ఆసియా వ్యాపారులను పల్లెల్లోంచి తీసేసి పెద్ద పట్టణాలకు పరిమితం చేసింది. దాంతో పల్లె మనిషికి భారతీయుడు ఇరుగుపొరుగు కాకుండా పోయాడు. కౌంటరు అవతల డబ్బు లెక్కపెట్టుకునే మనిషిగా, లేదా పట్టణంలో తన చెల్లెలు పనిచేసే ఇంటి యజమానిగా మిగిలాడు. మీరు ఏ షాపు వాళ్లమ్మాయని ఆవిడ అడగడంలో వింతేముంది? ఆవిడ చూసిన భారతీయులు వాళ్లే. చాపమీద కూర్చుని చేత్తో న్సీమా తినే మ్వెన్యేని ఆ పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. తెల్లవాళ్లు చేయలేని పని ఒకటి మీకు అక్కడ ఉందంటే అది ఇదే కావచ్చు. దీనికి మైకు అక్కర్లేదు.

ఇక్కడ అజరయ్యగారు గుర్తొస్తారు. తిరునెల్వేలి నుంచి దోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని, మనవాళ్ల మధ్య బతికిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు, బోధకులను కాదు. మీ త్యాగాలు చూశాం, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్లదొరలకి అది మింగుడుపడలేదు. పుచ్చుకునే వైపు కూర్చుని ఆయన అడిగిన మాట అది. ఇప్పుడు మనం పంపే వైపుకి వచ్చాం. ఆ మాట మనకీ వర్తిస్తుంది.

డబ్బు ఇచ్చిన విషయంలో మిమ్మల్ని తప్పుపట్టను. పొయ్యి వెలగని ఇల్లు చూసి ఊరుకునే మనసైతే మీరు అక్కడికి వెళ్లేవారే కాదు. కానీ పల్లెలో రహస్యం ఉండదు. ఆ ఆడవాళ్లు ఆశపోతులై రాలేదు, అవి ఆకలి నెలలు. పాస్టరుగారి ముభావానికి కారణం నా ఊహ ఇది: ఎవరి ఇంట్లో ఎంత ఇబ్బంది ఉందో ఆయనకి తెలుసు, సంఘ పెద్దలు కూర్చుని ఎవరికి ముందు సాయం చేయాలో చూసుకుంటారు. మీరు ఆ వరస దాటి ఒకరికి ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఇప్పుడు జవాబు చెప్పాల్సింది ఆయన, మీరు కాదు. జూన్ తర్వాత మీరు ఉండరు, ఆయన ఉంటారు.

ఇకముందు మూడు దారులున్నాయి. ఎవరికీ ఏమీ ఇవ్వననడం ఒకటి. గొడవ ఉండదు, కానీ ఆ పక్కింటి గుమ్మం దాటిన ప్రతిసారీ మీకు తల కొట్టేసినట్టుంటుంది. రెండోది, ఇవ్వగలిగింది పాస్టరుగారి ద్వారా, పేరు చెప్పకుండా ఇవ్వడం. న్యాయంగా పంచే అవకాశం ఎక్కువ. అయితే అది ఎవరికి చేరిందో మీకు తెలియకపోవచ్చు, దానికి సిద్ధపడాలి. మూడోది, ఆ సంఘంలోని ఆడవాళ్ల గుంపుతో కలిసి చేయడం. ఎవరింట్లో ఏం ఉందో వాళ్లకి తెలిసినంతగా మగ పెద్దలకి తెలియదు. నాకు ఇదే నచ్చుతుంది. కానీ భాష కొంచెమైనా రాకుండా కుదరదు, పాస్టరమ్మగారిని కలుపుకోకుండా అసలు కుదరదు. ఏ దారి ఎంచుకున్నా ముందు పాస్టరుగారి దగ్గర కూర్చుని, మిమ్మల్ని అడగకుండా చేశాను, ఇక్కడ ఎలా చేస్తారో చెప్పండి అని ఒక మాట అనండి.

శనివారం రిపోర్టు గురించి నేను సుతిమెత్తగా చెప్పలేను. అబద్ధం అని మీకు తెలిసిన అంకె మీ చేత్తో రాయకండి. కాయిర్‌లో పాడే అమ్మాయి అతిథుల మీద గౌరవంతో చేయెత్తుతుంది. ఆమెని రక్షణ పొందిన వాళ్ల లెక్కలో వేస్తే, ఆమె తాత విశ్వాసాన్నీ లేనట్టు చేసినట్టే. ఇందాక చెప్పిన లివింగ్‌స్టోనియా మిషన్ సరస్సు ఒడ్డున ఆరేళ్లు గడిపి, తమవాళ్లను పోగొట్టుకుని, చివరికి చూపించగలిగింది ఒక్క బాప్తిస్మం. వాళ్ల డాక్టరు రాబర్ట్ లాస్ 1927 దాకా ఆ దేశంలోనే ఉన్నారు. శనివారం రిపోర్టు అడిగే సంఘమైతే ఆయన్ని రెండో ఏడే వెనక్కి పిలిచేది.

కానీ ఎలా చెప్పాలి అన్నది ఆలోచించుకోవాలి. లీడర్‌ని దాటి నేరుగా మీ సంఘానికి రాస్తే, నిజం చేరుతుంది, కానీ బృందంలో మీరు ఒంటరవుతారు. మిగిలిన నెలలు ఒకే కప్పు కింద బతకాలి. లీడర్‌తో మాత్రమే మాట్లాడితే, ఆయన మంచిగా తీసుకోవచ్చు, లేదా నీకు ఆత్మల భారం లేదు అనొచ్చు. ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. వచ్చే ఏడు బృందానికి డబ్బు పోగవ్వాలంటే అంకె కావాలి అని ఆయన భయం. ముందు ఆయనతో విడిగా మాట్లాడండి. అంకె బదులు జరిగిన సంగతి రాస్తానని అడగండి: ఫలానా రోజు ఫలానా చోట ఆరాధనలో పాల్గొన్నాం, ఇంతమంది వచ్చారు, వాళ్లు మాకోసం ప్రార్థించారు. ఒప్పుకోకపోతే, రిపోర్టు మీరే రాసుకోండి, నేను రాయలేను అని చెప్పి తప్పుకోండి. ఆ తర్వాత కూడా మీ పేరుతో అంకెలు వెళుతుంటే అప్పుడు ఇంటి పాస్టరుకి రాయండి, రాస్తున్నానని లీడర్‌కి చెప్పి రాయండి. ఫొటోల్లో ఆకలితో ఉన్న పిల్లల ముఖాలు పంపొద్దని నా సలహా. వాళ్ల అమ్మని అడిగే తీశారా? మీ క్లాసు పిల్లల ఫొటో ఎవరో అలా తీసుకెళితే ఊరుకునేవారా?

తిరిగి రావడమా, ఉండటమా? ఇప్పుడే వచ్చేస్తే, జనం నాలుగు మాటలంటారు, కొన్నాళ్లకి మర్చిపోతారు. అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం ఏంటంటే, ఆ దేశం మీకు మూడు వారాల చేదుగానే మిగిలిపోతుంది, జగ్గు దగ్గర చిన్నబోయిన ఆ ముఖం అలాగే ఉండిపోతుంది. ఆరోగ్యం పాడైనా, ఎవరివల్లైనా భద్రత లేదనిపించినా, అప్పుడు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా బయల్దేరండి. ఉండి, ఇప్పుడు చేస్తున్నదే చేస్తూ పోతే జూన్ నాటికి లోపల ఏమీ మిగలదు. మూడో దారి, ఉండి పని మార్చుకోవడం. మీరు టీచరు. అక్కడి ప్రాథమిక బడుల్లో ఒక్కో తరగతిలో వందమందికి పైగా పిల్లలుండటం అరుదు కాదు. దగ్గరి బడి హెడ్మాస్టరు సరేనంటే, అక్కడి టీచరు పక్కన సాయంగా కూర్చోండి. ఆమె స్థానంలో కాదు, పక్కన. పొద్దున ఒక గంట పాస్టరుగారి పిల్లల దగ్గర అక్కడి భాష చిచేవా నేర్చుకోండి. మీ తప్పులకి వాళ్లు పడీ పడీ నవ్వుతారు, నవ్వనివ్వండి. దీనికి లీడర్ ఒప్పుకోవాలి, మీటింగులకి ఒక మనిషి తగ్గుతుంది. ఒప్పుకోకపోతే వారంలో రెండు రోజులైనా అడగండి.

అమ్మకి అన్నీ చెప్పనక్కర్లేదు. నిద్ర పట్టడం లేదని, డాక్టరుకి చూపించుకుంటున్నానని మాత్రం చెప్పండి. "అంతా బాగుంది" అన్న మాటని తల్లులు నమ్మరు, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యే వరకు ఆగి చూడమంటాను. అప్పటికి మాత్ర మారి ఉంటుంది, నాలుగు మాటలు వచ్చి ఉంటాయి, ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయి. అప్పుడు కూడా వచ్చేయాలనే అనిపిస్తే రండి. టికెట్ తేదీ మార్చడానికి ఎంతవుతుందో మాత్రం ఇప్పుడే కనుక్కుని, ఆ డబ్బు విడిగా పెట్టుకోండి. ఎప్పుడు వచ్చినా, మలేరియా మాత్ర ఇంటికి చేరాక ఇంకెన్నాళ్లు వేసుకోవాలో డాక్టరుని అడగండి. మెఫ్లోక్విన్ అయినా డాక్సీసైక్లిన్ అయినా నాలుగు వారాలు కొనసాగించమంటారు. ఆ తర్వాత జ్వరం వచ్చినా మలావీ నుంచి వచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.